నోరు జారిందన్నాను

పదకొండేళ్ళుగా ఒక మాట నా గొంతులో ఉంది. పొద్దున్న పళ్ళు తోముకునేటప్పుడు ఒకసారి, సాయంత్రం రైల్వే వర్క్‌షాప్ సైరన్ మోగినప్పుడు ఒకసారి నోటి దాకా వస్తాది. మింగేస్తాను. మింగడం అలవాటైపోయింది గానీ అది అరగలేదు. మా ఆయనకి చెప్పలేదు. పోయేముందు మూడు నెలలు మంచంలో ఉన్నారు, చెప్పుకోడానికి కావలసినంత టైముంది, అయినా చెప్పలేదు. మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

ఇప్పుడే ఎందుకంటారా? మొన్న మన తెలుగు సంఘం సెక్రటరీ గారు ఇంటికొచ్చినారు. పదకొండేళ్ళ కింద నేను రాసిన ఆ నాటకం మళ్ళీ వేస్తారట. సంచిక ఒకటి అచ్చేస్తారట. రాక్షసుడికి అంత గొప్ప గతం ఎలా కల్పించినారో రాసివ్వండి మేడమ్, కొత్తగా రాసేవాళ్ళకి పనికొస్తాది అన్నారు. టీ తాగి వెళ్ళిపోయినారు. నాలుగు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. 'కల్పించడం' అన్న మాట దగ్గరే పెన్ను ఆగిపోతన్నాది.

సరే, ఎలా కల్పించినానో అదే రాస్తాను. వాళ్ళు అచ్చేసుకుంటారో, చింపుకుంటారో వాళ్ళ ఇష్టం.

కథ మీకు తెలిసిందే. ఒక రాక్షసుడు రాజకుమార్తెని ఎత్తుకుపోతాడు. వాడి ప్రాణం వాడి ఒంట్లో ఉండదు, ఏడు సముద్రాల అవతల ఒక పెట్టెలో, తుమ్మెదలో ఉంటాది. రాజకుమారుడు వెళ్ళి తుమ్మెదని నలిపేస్తాడు, ఇక్కడ వీడు చస్తాడు. మా అమ్మ నాకు చెప్పింది. మా పక్కింటి బెంగాలీ దీదీకి వాళ్ళమ్మ కూడా ఇదే చెప్పిందట. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఏటా అమ్మవారి పండక్కి మనవాళ్ళు పందిట్లో నాటకం వేస్తారు కదా, మూడేళ్ళకోసారైనా ఇదే వచ్చేది. చూసేవాళ్ళే డైలాగులు ముందు అందించేసేవారు. ఆ ఏడు సంఘం పెద్దలు నన్ను పిలిచి, పంతులమ్మా, దీన్నే కొత్తగా రాసిపెట్టు, జనం మధ్యలో లేచి వెళ్ళిపోతన్నారు అన్నారు. నేనప్పుడు స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. రాయగలనన్న పొగరు నిక్షేపంగా ఉండేది.

నాకు రాజకుమారుడంటే ఎప్పుడూ ఇష్టం లేదు. వాడికేటి, గుర్రం ఉంది, కత్తి ఉంది, వెనకాల రాజ్యం ఉంది. నా ఆలోచనంతా ఆ రెండోవాడి మీదే. ప్రాణం తీసి ఇంకోచోట దాచుకున్నాడంటే వాడికి ఏటి భయం? ఎప్పుడు పట్టుకుంది? ప్రాణం ఒక దగ్గిర, ఒళ్ళు ఒక దగ్గిర పెట్టుకుని తినడం, నవ్వడం, పడుకోవడం ఎలా ఉంటాది? పుడుతూనే ఎవడూ రాక్షసుడు కాడు, వాడికీ ఒక అమ్మ ఉండుండాలి. ఆ అమ్మ దొరికితే నాటకం దొరికినట్టేనని నాకు తెలుసు. మొదట ముని శాపం పెట్టినాను. చదువుకుంటే నాకే ఆవులింత వచ్చింది. తర్వాత ప్రేమలో ఓడిపోయినట్టు రాసినాను. అది మరీ సినిమాలా వచ్చింది. ఆపైన రాజు వాడి ఊరు తగలబెట్టించినాడని రాసినాను. చదివితే కోపం వస్తాది గానీ జాలి రాదు. అయినా కోపమున్నవాడు ప్రాణం ఎందుకు దాచుకుంటాడు, కత్తి పడతాడు గానీ? దాచుకునేవాడి కథ వేరే ఉండాలి. మూడు నోట్‌బుక్కులు చింపి పొయ్యిలో పెట్టినాను.

రాక్షసుడి వేషం ఎవరిదో మాత్రం ముందే తేలిపోయింది. వర్క్‌షాప్‌లో ఫిట్టరు రామ్మూర్తి. ఆరడుగుల మనిషి, గుబురు మీసం, మైకు లేకపోయినా పందిరి చివరన టీ కొట్టు దాకా వినపడే గొంతు. మేము ఝపటాపూర్ పేటలో అద్దెకుండేవాళ్ళం, అతని క్వార్టరు అక్కడికి దగ్గిరే. భార్య పార్వతి, ఇద్దరు ఆడపిల్లలు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు, ఇరవై ఏళ్ళ సర్వీసు. నన్ను అమ్మా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని.

ఒక ఆదివారం ఇన్‌లాండ్ ఉత్తరం పట్టుకుని వచ్చినాడు. కళ్ళద్దాలు విరిగిపోయినాయి, కొంచెం చదివిపెట్టమ్మా అన్నాడు. ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మ రాయించిన ఉత్తరం. చదివినాను. రెండు నెలల తర్వాత ఇంకోటి. మళ్ళీ అద్దాలు విరిగినాయన్నాడు. ఆ మనిషి ముక్కు మీద అద్దాలు నేనెప్పుడూ చూడలేదు. చదువు రాదని అర్థమైంది. ఎనిమిదో క్లాసు సర్టిఫికెట్టు మీద ఉద్యోగంలో చేరినాడని కాలనీలో అందరికీ తెలుసు. నాకెందుకులే అని ఊరుకున్నాను.

మూడో ఉత్తరం దగ్గిర ఊరుకోలేకపోయినాను. పైన అడ్రసులో రామ్మూర్తి అని ఉంది. లోపల సగం దాకా మామూలే, వానలు, ఆవు ఈనడం. ఆ తర్వాత పైకి చదివేసినాను: 'తౌడూ, వచ్చే అమావాస్యకి నీ తద్దినం. మరిచిపోకు నాయనా.' చదివి ఆగిపోయినాను. నీ తద్దినమేటి? తౌడెవరు? తలెత్తి చూసేసరికి అతను లేచి వెళ్ళి తలుపు దగ్గిరగా వేసి వస్తన్నాడు.

తౌడు అంటే ఆ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మీకు తెలియకపోతే చెప్తాను. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టినవాణ్ణి చేటలో పెట్టి పక్కింటావిడకి ఇచ్చేస్తారు. మళ్ళీ ఆవిడ చేతిలో గుప్పెడు తౌడు పోసి కొనుక్కుంటారు. తౌడుకి దొరికినవాడు, విలువలేనివాడు, వీణ్ణి తీసుకుపోయి ఏం లాభమని చావు వదిలేస్తాదని. అలా బతికించుకున్న పిల్లాడికి తౌడు అని పేరు పెడతారు. అతను అలా బతికినవాడు.

ఆ రోజు అతను చెప్పింది ఇది. వాళ్ళ నాన్న ఇదే వర్క్‌షాప్‌లో పని చేస్తూ జబ్బుతో పోయినాడు. ఉద్యోగం పెద్దకొడుక్కి వస్తాది. పెద్దకొడుకు రామ్మూర్తి, ఎనిమిది పాసు. చిన్నవాడు తౌడు, మధ్యలో పుట్టినవాళ్ళు పోగా మిగిలినవాడు, బడి మొహం చూడలేదు. తల్లి నీలమ్మ కొడుకులిద్దర్నీ తీసుకుని ఇక్కడికొచ్చి, తెలిసినవాళ్ళ క్వార్టర్లో ఏడాది పాటు కాగితాల కోసం తిరిగింది. కాగితాలొచ్చిన వారంలోనే రామ్మూర్తి పచ్చకామెర్లతో పోయినాడు. కంసాయి ఏటి ఒడ్డున శ్మశానంలో పోయినవాడి పేరు అడిగితే ఆ తల్లి చిన్నవాడి పేరు చెప్పింది. చెప్పి, పక్కన నిలబడ్డ చిన్నవాడి చెయ్యి పట్టుకుని, ఈ పొద్దునుంచి నువ్వే మీ అన్నవి అంది. అతనికప్పుడు పదిహేడేళ్ళు. ఊళ్ళో అందరికీ తౌడు చచ్చిపోయినాడు. మొహం గుర్తుపడతారని అతను మళ్ళీ ఊరి గడప తొక్కలేదు. తల్లి ఊరెళ్ళి తమ్ముడి ఇంట్లో ఉంటోంది, ఉత్తరాలు, నిజం తెలిసిన ఆ మేనమామే రాసేవాడు.

మరి అమ్మ ఇక్కడికొచ్చి ఉండొచ్చు కదా అన్నయ్యా అని అడిగినాను.

"నోరు జారుతాదని రాదమ్మా. నన్ను సూస్తే తౌడూ అని పిలిసేత్తాదట. అందుకని ఇరవయ్యేళ్ళ బట్టి నన్ను సూడ్డమే మానేసింది" అన్నాడు. ఆపైన, "ఏటా నా తద్దినం నేనే పెట్టుకుంటన్నాను. మా అన్నకి మాత్రం ఒక్క మెతుకు పెట్టినోడు లేడు" అన్నాడు.

పార్వతికి కూడా తెలీదట. నా చేత ఒట్టు వేయించుకోవాలని కూడా అతనికి తోచలేదు.

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, అది నటన కాదు. గానీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే, ఇంకా ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని ఉండగానే, 'దొరికింది' అనుకున్నాను. ఆ ఒక్క క్షణం గురించి ఎన్నిసార్లు ఆలోచించినానో లెక్కలేదు. ఏడుస్తున్నది ఒకత్తె, దొరికిందన్నది ఇంకొకత్తె అనుకుంటే కొంచెం తేలిగ్గా ఉండేది. అదేం కాదు. రెండూ నేనే.

వారం రోజుల్లో నాటకం అయిపోయింది. రాక్షసుడు ఒకప్పుడు కోట కావలివాడి చిన్నకొడుకు. ఉద్యోగం కాగితాల బదులు రాజముద్ర ఉన్న ఉంగరం పెట్టినాను. తౌడు తీసేసి పెంటయ్య అని పెట్టినాను, పుట్టగానే పెంట మీద పడేసి తెచ్చుకున్న పిల్లాడని. అన్న చచ్చిపోతే అన్న పేరుతో కావలి కాస్తాడు, తన పేరు తీసి పెట్టెలో దాస్తాడు, ఆ పేరే తుమ్మెద. ఏటా తన తద్దినం తనే పెట్టుకుంటాడు. పేరు పోయాక ప్రాణం, ప్రాణం పోయాక జాలి, అలా అలా రాక్షసుడవుతాడు. చివర్లో ఎవరూ తుమ్మెదని నలపరు. ముసలి తల్లి వచ్చి పేరు పెట్టి పిలుస్తాది. వాడు వెనక్కి తిరుగుతాడు. తిరగ్గానే ప్రాణం మళ్ళీ ఒంట్లోకి వస్తాది, ఒంట్లో ప్రాణమున్నవాడు కనక అప్పుడు చావగలడు. ఆ ముగింపు ఒక్కటే నేను కల్పించింది. మిగతాదంతా అతనిదే.

అతనికి చదువు రాదు కనక వేషం నేనే చదివి వినిపించాలి. సాయంత్రాలు మా వరండాలో చదివేదాన్ని, రెండుసార్లు వింటే పట్టేసేవాడు. మొదటి రోజు మొత్తం చివరిదాకా విన్నాడు. అన్నీ మార్చేసినాను అన్నయ్యా, ఎవరికీ తెలీదు అని నేనే గబగబా ఏవేవో చెప్పినాను. వెయ్యనంటాడేమో అనుకున్నాను. అనలేదు. పెంటయ్యా అని పిలిచినా తనని పిలిచినట్టే ఉంటాదన్నాడు. ఒక్కటే అడిగినాడు.

"ఆ తద్దినం మాట తీసెయ్యమ్మా. మిగతాది ఎవుడిదైనా అవుతాది. అది నాదే."

తీసేస్తాను అన్నాను. ఎర్ర సిరా పెన్ను తెచ్చి, అతని ఎదురుగానే ఒక వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి చూపించినాను. అతను తలూపి, ఠీక్ హై అన్నాడు. నేను గీత కొట్టింది వేరే వాక్యం మీద. అతను చదవలేడు కదా.

ఇక్కడ ఆగి రెండు గ్లాసుల నీళ్ళు తాగొచ్చినాను. రాయాలి.

ఆ మాట అతని వేషంలోంచి తీసి తల్లి వేషంలో పెట్టినాను. తల్లి వేషం నాదే. రిహార్సల్‌లో ఆ మాట అనకుండా దాటేసేదాన్ని. నాటకానికి అది ప్రాణమని, అది లేకపోతే మిగతాదంతా చప్పిడి కూడేనని నాకు నేను చెప్పుకునేదాన్ని. నిజంగానే నాటకం కోసమా? నాకు రాబోయే చప్పట్ల కోసమా? ఈ రెంటికీ తేడా ఆ రోజుల్లో నాకు తెలిసేదా? తెలిసే ఉంటాది. తెలియకపోతే ఎర్ర గీత ఎందుకు కొట్టినాను.

పండగ రోజు సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే తెర లేచింది. ఊరి అవతల ఖరిదా నుంచి కూడా జనం వచ్చినారు, పందిరి చాలక బయట నిలబడ్డారు. ముందు వరసలో కుర్చీలో ఒక ముసలాయన ఉన్నాడు. కొడుకుని చూడ్డానికి ఊర్నుంచి వచ్చినాడని ఎవరో చెప్పినారు. ఏ ఊరో నేను అడగలేదు.

చివరి రంగం. తెల్లచీర కట్టుకుని, జుట్టుకి పిండి రాసుకుని, కర్ర పట్టుకుని నేను స్టేజీ మీదకొచ్చినాను. అతను నాకు వీపు పెట్టి సింహాసనం దగ్గిర నిలబడి ఉన్నాడు. నేను అన్నాను, "ఏటా నీ తద్దినం నీ చేతే పెట్టించినాను కదరా నాయనా." అతని వీపు బిగుసుకోవడం నాకు కనపడింది. జనంలో ఎవరో ఆడమనిషి అయ్యో అంది. తర్వాత నేను 'ఒరే పెంటయ్యా' అనాలి.

"ఒరే తౌడూ" అన్నాను.

రిహార్సల్స్‌లో ఎన్నిసార్లు తిరిగినాడో, ఒక్కసారీ అలా తిరగలేదు. గిరుక్కున తిరిగినాడు, నిద్రలోంచి లేచిన పిల్లాడిలాగ. "ఓయ్, వచ్చినానే అమ్మా" అన్నాడు. అది నేను రాసిన మాట కాదు. రంగు పూసిన మొహం మీద కన్నీళ్ళు కారిపోతన్నాయి. పందిరంతా చప్పట్లు మోగిపోయినాయి. అంత చప్పట్ల మధ్య ఆ ముసలాయన చప్పట్లు కొట్టకుండా లేచి నిలబడ్డాడు.

తెర వెనక్కి వచ్చినాడు ఆయన. నువ్వు నీలమ్మ రెండో కొడుకువి కాదా, చచ్చిపోయినావన్నారే అని అడిగినాడు. కాదను, కాదను అని నేను లోపల లక్షసార్లు అనుకున్నాను. ఒక్కమాట కాదంటే సరిపోయేది, ముసలాయన కళ్ళు మసకలని నవ్వేసేవాళ్ళం. అతను కాదనలేదు. ఇరవై ఏళ్ళకి ఎవరో పేరు పెట్టి పిలిచినారు, ఆ పేరు నాది కాదని అతని నోట రాలేదు. తల దించుకుని నిలబడ్డాడు. ఆ నిలబడ్డం మేకప్ వేసేవాడు చూసినాడు, హార్మోనియం వాయించేవాడు చూసినాడు.

పదిహేను రోజుల్లో ఆఫీసుకి ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళింది. ఎవరు రాసినారో నాకు తెలీదు. వెతకలేదు కూడా, వెతికితే మొట్టమొదట నా పేరే బయటికి వస్తాది. విచారణలో అతని చేతికి పెన్ను ఇచ్చి నాలుగు లైన్లు రాయమన్నారట. ఇంకేముంది. ఉద్యోగం పోయింది, క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. ఇన్నేళ్ళూ నేను ఎవరితో కాపరం చేసినాను అని పార్వతి వీధిలో నిలబడి అడిగింది. అందరూ విన్నారు, నేనూ విన్నాను. కిటికీ మూసేసుకున్నాను. సరిగ్గా ఆ నెలలోనే సంఘం వాళ్ళు నాకు శాలువా కప్పి, పంతులమ్మ ఊహాశక్తి గురించి మాట్లాడినారు. కప్పించుకున్నాను. నా గురించి అతను విచారణలో గానీ బయట గానీ ఒక్క మాట చెప్పలేదు.

ఊరెళ్ళిపోయే ముందురోజు మా ఇంటికొచ్చినాడు. చేతిలో ఇన్‌లాండ్ ఉత్తరం. అద్దాలు విరిగినాయని ఈసారి అనలేదు.

"పైన ఏటని రాసుందమ్మా?"

"తౌడు అని ఉంది అన్నయ్యా."

"మళ్ళీ సదువు."

మళ్ళీ చదివినాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి అడ్రసులో అతని పేరు. లోపల రెండే మాటలున్నాయి. వచ్చెయ్ నాయనా, ఇంక నోరు జారుతాదన్న భయం లేదు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాటినాక వెనక్కి తిరిగినాడు.

"ఆ రోజు నోరు జారిందా అమ్మా, పిలిసినావా?"

అతని మొహంలో కోపం లేదు. తెలుసుకోవాలనుంది, అంతే. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నా జన్మలో రాదు. నిజం చెప్తే ఏం పోయేది? నా పరువు, నా శాలువా. అతనికి పోవలసినవన్నీ అప్పటికే పోయినాయి.

"జారింది అన్నయ్యా" అన్నాను.

"ఔన్లే. జారుతాది. మా యమ్మ అందుకే గదా రానేదు" అన్నాడు. నమ్మినాడు. నన్ను ఓదార్చి మరీ వెళ్ళినాడు.

తల్లి దగ్గిరికి చేరినాడు కదా, ఒక విధంగా నేనే చేర్పించినాను కదా అని చాలాసార్లు అనుకోబోయినాను. ఇటుకల బట్టీలో మోస్తన్నాడని, పిల్లల చదువు ఆగిపోయిందని, పార్వతి చాలాకాలం అతన్ని ఏ పేరుతోనూ పిలవలేదని తర్వాత తెలిసింది. ఇరవయ్యేళ్ళు ఆ తల్లి నోరు కట్టుకుంది. కన్నకొడుకు మొహం చూడకుండా బతికింది, ఒక్క పిలుపు బయటికి రాకూడదని. ఆ తల్లి వేషం కట్టుకుని నేనేం చేసినానో చూడండి.

మొదట్లో నాకు నేను కూడా జారిందనే చెప్పుకున్నాను. నేనే చదివిన ఉత్తరం కదా, ఆ పేరు నోట్లో ఆడుతున్నాది, కంగారులో వచ్చేసింది అని. నమ్మడానికి బాగానే ఉంది. గానీ స్టేజీ ఎక్కేముందు, తెర పక్కన కర్ర పట్టుకుని నిలబడి, పెదాలు కదుపుతూ రెండు పేర్లూ అనుకుని చూసుకున్నాను. పెంటయ్య. తౌడు. ఏ పేరుకి ఆ మనిషి నిజంగా తిరుగుతాడో నాకు తెలుసు. నిజంగా తిరిగితే ఎలా ఉంటాదో చూడాలనిపించింది.

సెక్రటరీ గారూ, మీరడిగిన వ్యాసం ఇదే. రాక్షసుడికి గతం నేను కల్పించలేదు. ఎర్ర గీత కొట్టిన ఆ కాగితం ఇంకా నా పెట్టెలోనే ఉంది, కావాలంటే అదీ ఇస్తాను. నాటకం మళ్ళీ వెయ్యకండి. వేస్తే నా పేరు తీసెయ్యండి. నన్ను క్షమించమని ఎవర్నీ అడగను. అడగాల్సినవాడి అడ్రసు నాకు తెలుసు, ఉత్తరం రాస్తే అతనికి ఎవరో చదివి వినిపించాలి, ఆ మాట మూడోమనిషి నోట అతను వినడం నాకు ఇష్టం లేదు. అలా అని వెళ్ళే ధైర్యమూ లేదు. ఇక్కడే, ఈ కాగితం మీదే అంటున్నాను. ఇంతకాలానికి గొంతు దాటింది.

నోరు జారలేదు అన్నయ్యా. పిలిచినాను.